పిల్లి ఈనేటప్పుడు గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

కర్నూలులో మా వీధి పిల్లులకు ఒకప్పుడు ఫలానా ఇల్లని ఉండేది కాదు. పాలు ఒకింట్లో తాగేవి, నిద్ర ఇంకొకింట్లో, ఈనడం మూడో ఇంటి అటక మీద. పిల్లలు అరిస్తేనే ఈనిందని తెలిసేది. అందుకని పిల్లి కాన్పు ఎవరికీ టెన్షన్ కాలేదు. ఇప్పుడు పిల్లుల్ని ఇంట్లోనే పెట్టుకుని పెంచుతున్నారు, పర్షియన్ పిల్లుల్ని డబ్బు పోసి తెచ్చుకుంటున్నారు, ఫోన్‌లో చూసి రోజులు లెక్కపెడుతున్నారు. కళ్ళముందే ఈనుతుంటే ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు భయపడాలో తెలియక సతమతమవుతున్నారు.

మొన్న మే నెలలో రాత్రి పదకొండుకు పక్కింటి అక్క తలుపు కొట్టింది. "పొద్దున ఏడు నుంచి అట్టపెట్టెలో గీకుతా ఉంది. ఏమీ ముట్టలేదు. పదహారు గంటలాయె, ఒక్క పిల్ల కూడా రాలేదు. సచ్చిపోతాదేమో" అంది. మా అమ్మ మంచం మీంచి లేవకుండానే, "పిల్లికి మంత్రసానిని ఎవరు పిలుస్తారే, అదే ఈనుతుంది పో" అంది. అక్క భయం అబద్ధం కాదు, అమ్మ ధీమా కూడా అబద్ధం కాదు. ఇద్దరూ గంటలు లెక్కపెడుతున్నారు, కానీ లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్నది ఇద్దరికీ తట్టలేదు. పిల్లి కాన్పులో అసలు చిక్కు అక్కడే ఉంది.

63 రోజులు ఏ రోజు నుంచి?

పిల్లి సూడి కాలం సుమారు తొమ్మిది వారాలు. పశువైద్యులు 63 నుంచి 65 రోజులంటారు, కొన్ని రోజులు అటూ ఇటూ అవుతుంది. కానీ మొదటి రోజు ఏదో పట్టుకోవడమే కష్టం. ఆవుకైనా కుక్కకైనా ఎదలో అండం దానంతట అదే విడుదలవుతుంది. పిల్లికి చాలావరకు అలా కాదు, గండుపిల్లి కలిసిన తర్వాతే, ఆ కదలికకు స్పందనగా, ఒకటి రెండు రోజుల్లో అండాలు విడుదలవుతాయి. పైగా ఒకే ఎదలో పిల్లి చాలాసార్లు కలుస్తుంది, ఒకటి కంటే ఎక్కువ గండుపిల్లులతో కలుస్తుంది. ఒకే ఈతలో ఒక పిల్ల నల్లగా, ఒకటి ఎర్రగా పుడితే తండ్రులే వేరు కావచ్చు.

మార్చి 5న మిద్దె మీద అరుపులు మొదలై 8 దాకా సాగాయనుకుందాం. 5 నుంచి 63 రోజులు లెక్కేస్తే మే 7, 8 నుంచి లెక్కేస్తే మే 10. తొందరగా ఈనేవి 58వ రోజుకు, ఆలస్యంగా ఈనేవి 70వ రోజుకు ఈనుతాయనుకుంటే, మే 2 నుంచి మే 17 దాకా ఎప్పుడైనా కావచ్చు. అంటే పదిహేను రోజుల కిటికీ. "డేట్ దాటిపోయింది" అని మే 11న కంగారు పడటానికి అర్థం లేదు. మే 17 కూడా దాటితే మాత్రం డాక్టరు చూడాల్సిన సంగతే. మరీ ముందుగా, 58 రోజులు కూడా నిండకుండా పుట్టిన పిల్లలు బతకడం కష్టం.

తేదీ తెలియని పిల్లికి ఒంటి గుర్తులు ఉంటాయి. మూడు వారాలకు చనుమొనలు గులాబీ రంగుకు తిరిగి ఉబ్బుతాయి. నాలుగో వారానికి స్కానింగ్‌లో గుండెలు కొట్టుకోవడం కనిపిస్తుంది. ఎన్ని పిల్లలున్నాయో లెక్క కావాలంటే స్కానింగ్ కంటే చివరి పది రోజుల్లో తీసే ఎక్స్‌రే నయం. ఎముకలు గట్టిపడి ఉంటాయి కాబట్టి తలలు, వెన్నెముకలు ఎంచవచ్చు. ఈ అంకె ఎందుకంత ముఖ్యమో తర్వాత వస్తుంది.

గీకడం వేరు, ముక్కడం వేరు

కాన్పును వైద్యులు మూడు దశలుగా చెబుతారు. మొదటి దశలో గర్భాశయం లోలోపల ముడుచుకుంటూ, ద్వారం మెల్లగా తెరుచుకుంటుంది. బయటికి కడుపు బిగింపు కనిపించదు. కనిపించేదల్లా ప్రవర్తన. పిల్లి తిరుగుతుంది, పెట్టెలోకి పోయి గీకుతుంది, బయటికొస్తుంది, మళ్ళీ పోతుంది. తిండి మానేస్తుంది. వెనకభాగం నాక్కుంటుంది. కొన్ని మనిషి ఒడి వదలవు, కొన్ని బీరువా వెనక్కి పోయి దాక్కుంటాయి. మధ్యమధ్యలో నోరు తెరిచి వగరుస్తాయి. చాలా పిల్లులు ఈ నొప్పుల్లో గుర్రుమంటాయి. అది సంతోషం గుర్రు కాదు, తనను తాను ఊరడించుకోవడం. ఈ దశ సాధారణంగా 6 నుంచి 12 గంటలు, తొలిచూలు పిల్లికి 24 గంటలు దాటినా దాటవచ్చు.

ఈనే ముందు రోజు ఒంటి వేడి తగ్గుతుందని మీరు వినే ఉంటారు. మామూలుగా పిల్లి వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. ఈనడానికి 12 నుంచి 24 గంటల ముందు 100 కన్నా, కొన్నిట్లో 99 కన్నా దిగువకు పోతుంది. కుక్కల్లో ఈ లెక్క బాగా పనికొస్తుంది. పిల్లుల్లో అంత నమ్మకం లేదు. రోజూ రెండుసార్లు థర్మామీటరు పెట్టించుకునే పిల్లి ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి.

రెండో దశలో కడుపు గోడ బిగుసుకోవడం కంటికి కనిపిస్తుంది. పక్కింటి పిల్లికి రాత్రి పన్నెండున్నరకు అది మొదలైంది. అప్పటిదాకా పెట్టె గీకుతున్నది ఒక్కసారి ఆగి, పక్కకు ఒరిగి, వెనక కాళ్ళు పెట్టె గోడకు తన్నిపెట్టింది. డొక్కలు లోపలికి పోయి, వీపు మీదుగా ఒక అల తోకదాకా పాకింది. మూడు నాలుగు అలలు, కాసేపు విరామం, మళ్ళీ అలలు. తోక కింద బూడిద రంగు బుడగ ఒకటి బొటనవేలంత తొంగిచూసి, లోపలికి పోయి, మళ్ళీ వచ్చింది. పన్నెండూ యాభైకి జారి గోనెసంచి మీద పడింది. బుడగ లోపల పిల్ల, తడి ఎలుకలా ఉంది. తల్లి పొరను పళ్ళతో చించి, మూతి నాకి, బొడ్డుతాడు కొరికింది. పిల్ల కీచుమంది. ఇదంతా రెండు నిమిషాలు. అక్క మాత్రం గోడకానుకుని ఏడుస్తూ ఉంది.

గడియారం మొదలుపెట్టాల్సింది ఈ ముక్కడం నుంచి. పొద్దున ఏడు నుంచి కాదు. ఆ పిల్లి లెక్క పదహారు గంటలు కాదు, ఇరవై నిమిషాలు.

మూడో దశ మాయ పడటం. పిల్లికి ఇది చివర్లో ఒక్కసారిగా జరగదు. పిల్ల, దాని మాయ, మళ్ళీ పిల్ల, దాని మాయ, ఇలా రెండో దశ మూడో దశ పెనవేసుకుని నడుస్తాయి. ఒక్కోసారి రెండు పిల్లలు వచ్చాక రెండు మాయలు కలిసి పడతాయి. తల్లి మాయను తినేస్తుంది. అది మామూలే. ఎక్కువ తింటే వాంతో విరేచనమో అవుతుంది. తినేస్తుంది కాబట్టే "నాలుగు పిల్లలకు మూడే మాయలు చూశాం, ఒకటి లోపలే ఉండిపోయింది" అనే లెక్క తరచూ తప్పవుతుంది. నిజంగా లోపల మాయ ఉండిపోవడం పిల్లుల్లో అరుదు.

తొమ్మిది గంటల విరామం మంచిది, నలభై ఐదు నిమిషాలు చెడ్డది

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. రెండు పిల్లుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ ఊహించినవే.

అనంతపురంలో శనక్కాయల మూటల చాటున ఒక పిల్లి. సాయంత్రం 6కి ముక్కడం మొదలు, 6:25కి మొదటి పిల్ల, 6:50కి రెండోది, 7:40కి మూడోది. తర్వాత ఆగిపోయింది. పిల్లల్ని పొట్టకు దగ్గరగా లాక్కుని పాలిచ్చింది, లేచి నీళ్ళు తాగింది, కాస్త తిన్నది, నిద్రపోయింది. ఇంట్లోవాళ్ళు అయిపోయిందనుకుని లైటు ఆర్పేశారు. తెల్లవారి 5కి మళ్ళీ ముక్కి ఇంకో రెండు కన్నది. మధ్యలో తొమ్మిది గంటల పైచిలుకు.

కడపలో బీరువా కింద ఇంకో పిల్లి. రాత్రి 9 లోపు రెండు పిల్లలు. 10:15కి మళ్ళీ ముక్కడం మొదలుపెట్టింది. రెండు మూడు నిమిషాలకోసారి గట్టిగా ముక్కుతోంది. పుట్టిన పిల్లల్ని పట్టించుకోవడం లేదు, పాలకు వస్తే తోసేస్తోంది. 11 అయింది. తోక కొస ఒకటి కనిపిస్తోంది తప్ప ఏమీ రాలేదు. మధ్యలో నలభై ఐదు నిమిషాలు.

మొదటిదాన్ని వైద్యులు మధ్యలో ఆగిన కాన్పు అంటారు. పిల్లుల్లో ఇది బాగా తెలిసిన సంగతి. 12 గంటలు, 24 గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ విరామం తర్వాత మిగతా పిల్లలు ఆరోగ్యంగా పుట్టిన సందర్భాలున్నాయి. షరతు ఒక్కటే, ఆ విరామంలో పిల్లి ప్రశాంతంగా ఉండాలి, ముక్కకూడదు. రెండోదాంట్లో విరామమే లేదు. పని జరుగుతోంది, ఫలితం రావడం లేదు. అందుకే "పిల్లకూ పిల్లకూ మధ్య రెండు గంటలు దాటితే ప్రమాదం" అని ఫోన్లలో తిరిగే ఒక్క వాక్యం అనంతపురం పిల్లిని అనవసరంగా ఆటో ఎక్కిస్తుంది, కడప పిల్లిని అనవసరంగా ఆపేస్తుంది.

ఎక్స్‌రే అంకె ఇక్కడ అక్కరకొస్తుంది. ఐదున్నాయని ముందే తెలిసి మూడే పుడితే, అది విరామమా ముగింపా అన్న అనుమానమే ఉండదు.

వైద్యుల్లో కూడా అందరూ ఒకే నిమిషం చెప్పరు. గట్టిగా, ఆగకుండా ముక్కుతూ పిల్ల రాకపోతే 20 నిమిషాలకే కదలమనేవాళ్ళున్నారు, 30 అనేవాళ్ళున్నారు, మొదటి పిల్లకైతే గంట దాకా చూడవచ్చనేవాళ్ళున్నారు. పిల్ల సగం బయటికొచ్చి ఇరుక్కుంటే మాత్రం ఎవరూ పది నిమిషాలకు మించి ఇవ్వరు. బలహీనంగా, అప్పుడప్పుడు ముక్కుతూ రెండు గంటలు గడిచినా అనుమానించాల్సిందే.

పిల్ల ఎందుకు రాదు

ఇరుక్కోవడమే ప్రధాన కారణమని చాలామంది అనుకుంటారు. 155 కష్టకాన్పులను చూసి 1994లో ప్రచురించిన స్వీడన్ పరిశీలనలో దాదాపు మూడింట రెండు వంతుల్లో సమస్య తల్లి వైపే ఉంది. అందులోనూ పెద్ద వాటా గర్భాశయం సరిగ్గా ముడుచుకోకపోవడానిది. పిల్ల వైపు సమస్యలు సుమారు 30 శాతం.

గర్భాశయం మొదటినుంచీ ముడుచుకోకపోవచ్చు. బాగా లావెక్కిన పిల్లి, వయసైన పిల్లి, ఒకే ఒక్క పిల్ల ఉన్న కడుపు, లేదా మరీ ఎక్కువ పిల్లలతో సాగిపోయిన కడుపు అయితే ఇలా జరుగుతుంది. లేదంటే ఇరుక్కున్న పిల్ల మీద గంటలకొద్దీ ముక్కి ముక్కి అలిసిపోవచ్చు. చూసేవాళ్ళకు రెండోది మోసం చేస్తుంది. గట్టిగా ముక్కుతున్నది ఆపేస్తే "హమ్మయ్య, శాంతించింది" అనిపిస్తుంది. కానీ శాంతించిన పిల్లి పిల్లలకు పాలిస్తుంది, తల ఎత్తి చూస్తుంది. అలిసిపోయినది పిలిచినా పలకదు, పిల్లల్ని పట్టించుకోదు.

దారి ఇరుకుగా ఉండటం ఇంకో కారణం. మన ఊళ్ళలో బైకు తగిలి నడుము విరిగి, దానంతట అదే అతుక్కున్న పిల్లులు ఎన్నో. కటి ఎముక వంకరగా అతికితే నడకలో తెలియదు, కాన్పులో తెలుస్తుంది. పర్షియన్ పిల్లలకు తల గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. జాతిని బట్టి తేడా ఎంతో 1995 నాటి బ్రిటన్ సర్వే చూపించింది. కలగలుపు జాతి పిల్లుల గుంపులో కష్టకాన్పులు 0.4 శాతం ఉంటే, డెవన్ రెక్స్ అనే జాతిలో 18.2 శాతం. మా అమ్మ ధీమా వీధి పిల్లుల అనుభవం నుంచి వచ్చింది, అది వాటి విషయంలో సబబే. చదును మూతి పిల్లికి పొర చించడం, తాడు కొరకడం కూడా కష్టమే.

వెనక కాళ్ళు ముందు రావడాన్ని చూసి భయపడేవాళ్ళు ఎక్కువ. పిల్లి పిల్లల్లో మూడింట ఒక వంతు దాకా అలాగే వస్తాయి, ఎక్కువసార్లు ఇబ్బంది లేకుండానే. కాళ్ళు పొట్టకింద ముడుచుకుని తోకా పిరుదులూ ముందు వస్తే మాత్రం దారికి అడ్డం పడుతుంది. కడప పిల్లి ఉదాహరణలో కనిపించిన తోక కొస అందుకే మంచి గుర్తు కాదు.

రంగులు, వాసనలు

పొర చిట్లి నీళ్ళలాంటి స్రావం రావడం, పిల్లల మధ్య ఎరుపు కలిసిన గోధుమరంగు స్రావం రావడం మామూలే. ఒక్క పిల్ల కూడా రాకముందే ముదురు ఆకుపచ్చో నల్లటి స్రావమో వచ్చి, ఆ వెనకే పిల్ల రాకపోతే, లోపల మాయ విడిపోయిందని అర్థం. ఆ పిల్లకు ప్రాణవాయువు అందే దారి తెగిపోతోంది. ఎర్రటి పచ్చి నెత్తురు పది నిమిషాలు ఆగకుండా కారినా, చీము వాసన వచ్చినా అది కాన్పులో భాగం కాదు.

చేతులు, సూదులు, టానిక్కులు

పాడి ఉన్న ఊళ్ళలో ఆక్సిటోసిన్ కొత్త పేరు కాదు. గేదె పాలు చేపడానికి దొంగచాటుగా పొడిచే సూది అదే. దాని దుర్వినియోగం ఆపాలని 2018లో కేంద్రం ప్రైవేటు తయారీని నిషేధిస్తే, అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మనుషుల కాన్పుల్లో అది ప్రాణం నిలిపే మందు కూడా మరి. పిల్లికి కూడా వైద్యులు వాడతారు, చాలా చిన్న మోతాదులో, దారి అడ్డం లేదని తేల్చుకున్నాక, అవసరమైతే కాల్షియంతో కలిపి. అడ్డం ఉండగా ఇస్తే గర్భాశయం కదలని పిల్ల మీద బిగుసుకుని చిట్లిపోవచ్చు. మందు ఒకటే, ఎక్స్‌రేకు ముందా తర్వాతా అన్నదే తేడా.

కాల్షియం టానిక్ సంగతి ఇంకా తిరకాసు. సూడితో ఉన్నప్పుడు బలమని ఎక్కువగా పోస్తే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే ఏర్పాటు బద్ధకిస్తుంది. పాలిచ్చే రోజుల్లో ఒక్కసారిగా అవసరం పెరిగితే తట్టుకోలేదు. ఒళ్ళు వణకడం, కాళ్ళు బిగుసుకోవడం, తూలడం దాని గుర్తులు. పిల్లుల్లో ఇది కుక్కల్లో కంటే తక్కువే, కానీ వస్తే గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. నొప్పి తగ్గడానికని పారాసిటమాల్ ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. పిల్లి కాలేయానికి దాన్ని విరిచే శక్తి లేదు. మనిషి మాత్ర ఒక్కటి చాలు చంపడానికి.

పిల్లను పట్టి లాగడం మీద కూడా రెండు మాటలు వినిపిస్తాయి. అనుభవం ఉన్నవాళ్ళు ఇరుక్కున్న పిల్లను తల్లి ముక్కేటప్పుడే, కిందివైపుకు, మెల్లగా సాయం పట్టిన సందర్భాలున్నాయి. తల్లి ముక్కనప్పుడు కాలు పట్టి లాగితే కీలు ఊడుతుంది, తల్లికి లోపల చిరుగుతుంది. ఊపిరి తీయని పిల్లను తలకిందులుగా విసిరి ఊపడం ఒకప్పటి పద్ధతి. మెదడులో నెత్తురు చిమ్ముతుందని ఇప్పుడు వద్దంటున్నారు. బట్టతో గట్టిగా రుద్ది, మూతి తుడవడమే నయమంటున్నారు.

"వదిలేయండి" వర్గానికీ "తీసుకుపోండి" వర్గానికీ ఉన్న తగవులో దూరం కూడా ఒక పక్షమే. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, మండలాల్లో పశువుల ఆసుపత్రులున్నాయి, 1962కి ఫోన్ చేస్తే సంచార వాహనం ఉంది. అయితే ఇవన్నీ ఎక్కువగా ఆవులూ గేదెలూ గొర్రెలను చూసుకుని ఏర్పడినవి. అర్ధరాత్రి పిల్లికి ఆపరేషన్ అంటే కర్నూలువాళ్ళు హైదరాబాదు వైపు, అనంతపురంవాళ్ళు బెంగళూరు వైపు చూస్తారు, రెండూ 200 కిలోమీటర్లకు పైనే. ఆటో కుదుపులకు, కుక్కల అరుపులకు బెదిరిన పిల్లికి నొప్పులు ఆగిపోతాయి కూడా. అందుకని దగ్గర్లో డాక్టరున్న ఇంటికి 20 నిమిషాలు సరైన హద్దయితే, నాలుగు గంటల దూరంలో ఉన్నవాళ్ళకు ఆ హద్దు ఇంకా తగ్గాలి. ఈ ఒక్క సంగతిలో నేను అక్క పక్షమే.

మన ఎండలు, మన బండలు

కాన్పు గురించి రాసే పుస్తకాలు చలిదేశాల్లో పుట్టినవి కాబట్టి, పెట్టెకు వెచ్చదనం కోసం బల్బు పెట్టమంటాయి. మొదటి వారం పిల్లల చుట్టూ 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలన్నది నిజమే. మేలో మన గదులు రాత్రిపూట కూడా అంతకు దగ్గర్లోనే ఉంటాయి. బల్బు పెడితే పెట్టె పొయ్యి అవుతుంది.

కానీ అదే ఇంట్లో నేల కడప బండ అయితే లెక్క మారుతుంది. వంద గ్రాముల తడి పిల్లకు ఒంటి వేడి నిలుపుకునే శక్తి లేదు. నున్నటి బండ ఆ వేడిని పీల్చేస్తుంది. చల్లబడిన పిల్లకు చప్పరించే బలం పోతుంది, తాగినా పాలు అరగవు. కూలరు గాలి నేరుగా తగిలినా అంతే. మా ఇళ్ళలో పిల్లులు గోనెసంచులూ చీరల మూటలూ వెతుక్కునేది సుఖం కోసమని మనం నవ్వుతాం.

ఎండాకాలంలో వగర్పు ఇంకో తికమక. నొప్పుల వగర్పు వచ్చి పోతుంటుంది. ఎండదెబ్బ వగర్పు ఆగదు, నోట్లోంచి జొల్లు కారుతుంది, పట్టుకుంటే ఒళ్ళు కాలుతుంది.

ఈనిన తర్వాతి రోజులు

ఎరుపు గోధుమ స్రావం రోజురోజుకూ తగ్గుతూ మూడు వారాల దాకా ఉండవచ్చు. తగ్గాల్సింది పెరిగినా, వాసన వచ్చినా, తల్లి 103 దాటిన జ్వరంతో తిండి మానేసినా గర్భాశయంలో చీము పట్టిందేమోనని వైద్యులు అనుమానిస్తారు. పిల్లలు రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరుగుతాయి, వంటింటి త్రాసు చాలు చూడటానికి. ముర్రుపాలలోని రక్షణ మొదటి 16 నుంచి 18 గంటల్లోనే పేగుల్లోంచి ఒంటికి పడుతుంది. అందుకే రాత్రంతా వేరుగా ఉండిపోయిన పిల్ల తర్వాత బాగా తాగినా బలహీనంగా ఉండవచ్చు. ఆపరేషన్ చేసి పిల్లల్ని తీసినప్పుడే గర్భాశయం, అండాశయాలు కూడా తీసేస్తే పాలు ఎండిపోతాయని ఒక భయం ఉంది. పాలు అండాశయాల మీద ఆధారపడవు, ఎండిపోవు.

మనిషి ముట్టుకున్న పిల్లల్ని తల్లి తినేస్తుందన్న మాట కూడా వింటుంటాం. చనిపోయిన పిల్లనో, బొత్తిగా బలంలేని పిల్లనో తినడం జరుగుతుంది. ఇంటి మనిషి చేయి తగిలినంత మాత్రాన కాదు. ఎక్కువ కదిపితే అది చేసే పని వేరు, చోటు మారుస్తుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని ఊరికే అనలేదు.

అక్క పిల్లి ఆ రాత్రి మూడున్నరకల్లా నలుగురిని కన్నది. నాలుగో రోజు పెట్టె ఖాళీ. అక్క ఇల్లంతా వెతికి, చివరికి మా అటక మీద, అమ్మ పాత పట్టుచీరల మూటలో చూసింది. అమ్మ ఇంకా ఆ మూట దింపలేదు.